పాటల పుస్తకంలో లేని సగం

ఆయన్ని నేను క్షమించలేదు. క్షమించానని ఒకరిద్దరికి చెప్పాను, అది అబద్ధం. ఇప్పటికీ అబిడ్స్ వెళ్లినప్పుడు ఆ కాలేజీ గేటు ముందు కాసేపు ఆగి, మేడమీది హాలు కిటికీలు చూసి, తృప్తిగా నడిచి వస్తాను.

నేను నాంపల్లి కోర్టుల దగ్గర ఒక జిరాక్స్ షాపులో టైపు చేస్తాను. వకాలత్‌నామాలు, అఫిడవిట్లు, కిరాయి ఒప్పందాలు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డప్పుడు మా తాత కోస్తా నుంచి గుమాస్తాగా ఈ ఊరొచ్చాడు. అప్పటి నుంచీ మా ఇంట్లో అందరిదీ కాగితాల బతుకే. ఇంటర్ తర్వాత నా కాలేజీ చదువు ఆగింది, చదవడం ఆగలేదు. పదేళ్లకు పైగా, సెలవు దొరికిన ప్రతి పూటా గౌలిగూడ మీదుగా లైబ్రరీకి నడిచాను. అక్కడ నాకు ఏం చదవాలో చెప్పేవాళ్లు లేరు కాబట్టి బీరువాల వరసలోనే చదువుకుంటూ పోయాను. వంటల పుస్తకాల తర్వాత వాస్తు, వాస్తు తర్వాత అచ్చుపని, అచ్చుపని తర్వాత సినిమా. దూరవిద్యలో డిగ్రీ ముగించి, ముప్పై మూడో ఏట అబిడ్స్‌లో ఒక సాయంకాలం కాలేజీలో ఎం.ఏ.లో చేరేటప్పటికి నా దగ్గర పదకొండు నోటుపుస్తకాలు ఉన్నాయి. వాటిని చూసుకుని నాకు గర్వం. ఉండాలి కూడా.

ఆ గర్వమే మొదట గొడవ తెచ్చింది. నాకు ప్రాజెక్టు గైడుగా వేసిన సారు ఒకరోజు క్లాసులో, స్టీరియోటైప్ అనే మాట స్టీరియో పాటల నుంచి వచ్చిందనీ, రెండు స్పీకర్లలో ఒకే మాట వినిపించడం దాని అర్థమనీ చెప్పారు. నేను లేచి, కాదు సార్, అది అచ్చు పనివాళ్ల మాట, పేర్చిన అక్షరాలకు మూస తీసి లోహంతో పోత పోసిన పలకను అలా అనేవాళ్లు, అందుకే తెలుగులో మూసపాత్ర అంటున్నాం అన్నాను. క్లాసు నా వైపు తిరిగింది. ఆయన నవ్వారు.

"లైబ్రరీల సొంతంగ చదువుకున్నోళ్లకు గిదే బీమారి," అన్నారు. "తిన్నది అరగదు, బయటికొస్తది."

అందరూ నవ్వారు. ఆ నవ్వు నేను మర్చిపోలేదు. అయినా నా ప్రాజెక్టు అంశం మార్చలేదు: తెలుగు సినిమాల్లో ఉద్యోగం చేసే ఆడవాళ్లు.

సినిమా మీద పుస్తకాలన్నీ పెద్ద సినిమాల గురించే చెబుతాయి. నాకు మామూలు సినిమాలు కావాలి, వచ్చి మూడు వారాలాడి పోయినవి. అవి ఎక్కడ దొరుకుతాయో నాకు తెలుసు. ఆదివారం అబిడ్స్‌లో షాపులు మూసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరుస్తారు. అక్కడ ఒక ముసలాయన మాత్రం పాటల పుస్తకాలు అమ్ముతాడు. ఒకప్పుడు సినిమా హాలు బయట అమ్మిన పల్చటి పుస్తకాలు అవి. అట్ట మీద హీరో హీరోయిన్లు, లోపల నటీనటుల పేర్లు, ఒక పేజీ కథ, తర్వాత పాటలు. ఆ ఒక్క పేజీ కథే నాకు కావాల్సింది. రెండు నెలల్లో సంచెడు పోగు చేశాను. ఒక్కోదాని వెనక అట్ట మీద పెన్సిల్‌తో నంబరు వేసి, నాయిక ఏ ఉద్యోగం చేస్తుందో పట్టిక రాసుకున్నాను.

పట్టిక చూస్తే ఒళ్లు పులకరించింది. పాత సినిమాల్లో డాక్టరమ్మలున్నారు, టీచరమ్మలున్నారు, పత్రికల్లో రాసేవాళ్లున్నారు. పదిహేడో నంబరులో ఏకంగా ఒక లాయరు. తండ్రి మీద పడిన హత్యానేరం అబద్ధమని రుజువు చేయడానికి నల్లకోటు తొడిగి కోర్టు మెట్లెక్కుతుంది. నా పేపరు ముగింపు ఇలా రాశాను: పాత సినిమా ఆడదానికి ఉద్యోగం ఇచ్చింది, గొంతు ఇచ్చింది, కొత్త సినిమా రెండూ లాక్కుంది.

షాపు కంప్యూటర్ మీదే టైపు చేసి, సంచిలో పుస్తకాలతో సహా సారుకు చూపించాను. పేపరు ఆయన ఉంచుకున్నారు. మూడు వారాల తర్వాత పిలిచారు.

"ఫుట్‌పాత్ మీద ఏరుకొచ్చిన చిత్తుకాగితాలు రీసెర్చ్ అయితదా? గిట్లయితే నేను సంతకం పెట్ట. తల్లి పాత్ర మీద రాయి, నీకు సులువుంటది."

"నా పేపరు ఇస్తారా సార్?"

"ఏడనో పెట్టిన. అయినా దానితోని నీకేం పని?"

ఆ ఆదివారం ఊరికే ఫుట్‌పాత్ మీదికి పోయాను. ముసలాయన నా ముఖం చూసి, ఒక డబ్బాలోంచి సీడీ తీసిచ్చాడు.

"అమ్మా, ఆ లాయర్ పిచ్చర్ అడుగుతుంటివి గదా. రెండు సీడీల జోడీల ఒకటే ఉంది. రెండోది. మొదటిది పోయింది."

"సగం సినిమా నేనేం చేసుకోను?"

"మొదటి సగం నీ బుక్కుల ఉన్నది గదమ్మా. ఇంగేం ఫికర్?"

ఆయన చెప్పింది నిజమే. ఇంటికొచ్చి పాత ప్లేయరులో వేశాను. రెండో సగం ఇలా మొదలైంది: జడ్జి ఆమెను కోటు విప్పమంటున్నాడు. ఆమె లాయరు కాదు. అది చనిపోయిన అన్న కోటు. వేషం వేసుకుని వచ్చిందని ఆమెను బయటికి పంపేశారు. అప్పుడు హీరో లేచి, తాను లాయరునని చెప్పి, అదే కోటు తొడుక్కుని కేసు గెలిచాడు. చివరి షాట్‌లో ఆమె వంటింటి పక్క గదిలో ఆ కోటును ఇస్త్రీ చేస్తూ పాడుతోంది.

మిగతావి వెతికితే చాలావరకు ఫోన్‌లో దొరికాయి. అన్నిటిలోనూ రెండో సగమే చూశాను. డాక్టరమ్మ పెళ్లయ్యాక అత్తగారి దగ్గు చూడటానికి తప్ప స్టెతస్కోపు ముట్టలేదు. పత్రికలో రాసే అమ్మాయి కలం విరిచి పొయ్యిలో పడేసింది. అప్పుడు పాటల పుస్తకాలన్నీ బయటికి తీసి ప్రతి కథకూ చివరి వాక్యం చదివాను. అన్నిటిలోనూ ఒకటే ధోరణి: ఆమె గెలిచిందా, మిగతా కథ వెండితెర మీద చూడండి. టికెట్లు అమ్ముడుపోవాలని సగంలో ఆపేసిన కథలను నేను పూర్తి కథలనుకున్నాను. నా పేపరు మొత్తం తలకిందులు.

సిగ్గుపడ్డాను. ఆ వెంటనే సంతోషపడ్డాను, ఎందుకంటే అసలైన పేపరు ఇప్పుడు దొరికింది. మూస ఎక్కడుందో దొరికింది: విశ్రాంతి తర్వాత. మర్నాడు సాయంత్రం సారు దగ్గరికెళ్లి, సార్, నేను పొరబడ్డాను, చూడండి అని చెప్పాలనుకుని నోట్సు సంచిలో పెట్టుకున్నాను. నిజంగా చెప్పేదాన్నే.

మర్నాడు పొద్దున కాలేజీ అటెండరు మా షాపుకు ఆ వారం కాలేజీలో జరగబోయే సదస్సు సంచిక పని తెచ్చాడు. రెండొందల కాపీలు, పది పేపర్లు. నాలుగోది తెరిచేసరికి నా వాక్యాలు. నా పట్టిక, నా నంబర్లు, నా ముగింపు. పైన సారు పేరు.

షాపు యజమాని, పాత హైదరాబాదీ, నా భుజం మీంచి తెర చూశాడు. నన్ను చెల్లె అంటాడు, నేను అన్నా అంటాను.

"చెల్లె, ఇది నువ్వు కొట్టిందే గదా. మన మిషన్ మీదనే కొడ్తివి."

"ఔ అన్నా."

"నేను పోయి అడగాల్నా? నలుగురు వకీళ్లను తీస్కపోత. మనకు వకీళ్లకు కరువా?"

"వద్దు. అక్షరం మార్చకుండా ఇచ్చేద్దాం."

"ఏందీ, మాఫ్ చేసినవా?"

"ప్రూఫ్ నేనే తీసుకెళ్తా," అన్నాను. ఆయన ప్రింటరులో కాగితాలు పెట్టాడు.

మా షాపులో ఒక పద్ధతుంది. కోర్టు కాగితాలతో వచ్చిన అలవాటు. అచ్చుకు పోయే ముందు ప్రూఫ్ ప్రతి పేజీ మీద రాసినవాళ్ల సంతకం తీసుకుంటాం, రేపు టైపిస్టు తప్పు అనకుండా. ఆ సాయంత్రం ప్రూఫ్ పట్టుకుని స్టాఫ్ రూముకు వెళ్లాను. నన్ను చూసి ఆయన ముఖం మారింది, వెంటనే సర్దుకున్నారు.

"మీ షాపుకే ఇచ్చిన్రా? మంచిదే. చూడు, నీ చిత్తుల నుంచి పనికొచ్చేదొకటి నేను తీసిన. చివర్ల విద్యార్థులకు కృతజ్ఞతలు అని రాసిన. అండ్ల నువ్వు గూడ ఉన్నవ్."

"సంతకాలు సార్. ప్రతి పేజీకీ."

చదవకుండా పెట్టుకుంటూ పోయారు. చివరి పేజీ దగ్గర తలెత్తారు.

"తప్పులేమన్న ఉన్నయా?"

నా సంచిలో కొత్త నోట్సు ఉంది. చేయి పెడితే తగులుతుంది.

"అక్షరదోషాలు ఏమీ లేవు సార్," అన్నాను.

సదస్సు ఆదివారం మధ్యాహ్నం జరిగింది. అధ్యక్షత మా విభాగాధిపతి మేడం. తక్కువ మాట్లాడే మనిషి, కళ్లజోడు పైనుంచి చూస్తారు. సారు నా వాక్యాలను బాగానే చదివారు, నేను చదివి ఉంటే అంత బాగా చదవలేకపోయేదాన్ని. లాయరు నాయిక దగ్గర గొంతు పెంచారు. చప్పట్లు పడ్డాయి. ప్రశ్నలేమన్నా ఉన్నాయా అని మేడం అడిగినప్పుడు నేను లేచాను.

"సార్, ఆ లాయరమ్మ కేసు గెలుస్తుందా?"

"గెలుస్తది. గెలుస్తదనే గదా నా పేపరు."

"ఎలా గెలుస్తుంది సార్? ఏం వాదిస్తుంది?"

"వాదన ఏముంటది... తండ్రి నిర్దోషి అని వాదిస్తది."

"ఆమె లాయరు కాదు సార్. జడ్జిగారు కోటు విప్పించి బయటికి పంపేస్తారు. కేసు హీరో గెలుస్తాడు. చివర్లో ఆమె ఆ కోటు ఇస్త్రీ చేస్తుంది."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. మేడం కళ్లజోడు సర్దుకున్నారు.

"మీరు సినిమా చూశారా?" అని ఆయన్ని అడిగారు.

"మేడం, నా మూలాధారం పాటల పుస్తకాలు. అప్పటి ప్రచురణలు."

నేను ముందుకెళ్లి పదిహేడో పుస్తకం మేడం చేతికిచ్చాను. ఆవిడ కథ పేజీ తీసి చివరి వాక్యం పైకి చదివారు. హాలంతా నవ్వింది. ఈసారి ఆ నవ్వు నా వైపు కాదు. మేడం పుస్తకం తిప్పి వెనక అట్ట చూశారు, తర్వాత సంచికలో ఆయన పేపరు చివర అనుబంధంగా ఉన్న పట్టిక తీశారు.

"ఈ పెన్సిల్ నంబరు ఎవరు వేశారు?"

"నేనే మేడం. మిగతావి కూడా సంచిలో ఉన్నాయి. ఒకటి నుంచి వరసగా."

"మీ అనుబంధంలో కూడా ఇది పదిహేడే," అన్నారు ఆయనతో. సంచిక ఆయన వైపు తిప్పారు. ఆయన నీళ్ల గ్లాసు తీసుకుని తాగకుండా కింద పెట్టారు. ఆ గ్లాసు నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది, అప్పుడప్పుడూ కావాలనే గుర్తు చేసుకుంటాను.

నాలుగు రోజులకు సంచికలన్నీ ఆటోలో వెనక్కొచ్చాయి, ఆయనే తెచ్చారు. కాలేజీ ఆదేశం: ఆ పేపరు పేజీలు కోసేయాలి, విషయసూచికలో ఆయన పేరు మీద తెల్లచీటీ అంటించాలి, పని ఆయన దగ్గరుండి చూడాలి. అన్న బ్లేడూ స్టీలు స్కేలూ నా ముందు పెట్టి, "నువ్వే కొయ్యి చెల్లె," అని కౌంటరు వెనక్కి పోయాడు.

నేను తొందరపడలేదు. ఒక్కో కాపీ తెరిచి, స్కేలు ఆనించి, కోశాను. కోసిన చోట గోరంత అంచు మిగులుతుంది, చూసినవాడికి ఇక్కడ ఏదో ఉండేదని తెలుస్తుంది. దాన్ని లోపలికి కోయవచ్చు. కోయలేదు.

యాభై దాకా అయ్యాక ఆయన స్టూలు ముందుకు జరుపుకున్నారు.

"చూడమ్మా, అయిందేదో అయింది. పేపరు మళ్ళ రాద్దాం. ఇద్దరి పేర్లు పెడదాం. నా పేరు ముందు, నీ పేరు తర్వాత. నీకే ఫాయిదా."

"వద్దు సార్."

"నీ పేరే ముందు పెడదాం పో."

"చాయ్ తాగుతారా సార్? ఇంకా నూటయాభై ఉన్నాయి."

తాగలేదు. పని అయ్యేదాకా కూర్చున్నారు. కోసిన కాగితాలు ఉస్మాన్‌గంజ్ పోయాయి, అక్కడ ధనియాలు, జీలకర్ర పొట్లాలు కడతారు.

తర్వాత మేడం నాకు గైడయ్యారు. కొత్త పేపరు రాశాను, నా ఒక్కదాని పేరుతో. ఆధారగ్రంథాల పట్టికలో ఆయన పేపరు కూడా చేర్చాను: పేరు, శీర్షిక, సంచిక, పేజీలు, అన్నీ పద్ధతి ప్రకారం. పక్కన, రచయిత సినిమాలు చూడకుండా పాటల పుస్తకాల మీదే ఆధారపడ్డారు అని ఒక వాక్యం. కోసేసిన దాన్ని ఎలా చూపిస్తావని మేడం అడిగారు. షాపులో అదనంగా తీసిన కోయని కాపీ నా దగ్గర ఒకటుంది మేడం అన్నాను. ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసి సంతకం పెట్టారు. ఇక నా పేపరు ఎవరు చదివినా ఆ వాక్యం చదువుతారు.

ఆ తప్పు మొదట చేసింది నేనేనని మాత్రం అందులో రాయలేదు. మేడం అడగలేదు, నేను చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను, ఆయన చదవరని తెలిసి. ఆయన రెండో సగం ఎప్పుడూ చదవరు.