మడమకు తగలని సంచులు

“నా నోరే నాకు శత్రువప్పా. ఎవురూ అడగలా, నేనే సెప్పినా. ‘సంచి మూల మడమకు తగలతాండాది జయచంద్రన్నా, రేపు ఆ మూల కోసి కుడతా’ అని. బుద్ధుండే మనిషి గరిక కొనే అంగడికాడ ఆ మాట అంటాదా?”

దేవకమ్మ ఆ మాట అంటూనే, మూల కుట్టు గట్టి చేస్తున్న సంచిని దబ్బనంతో ఒక పోటు పొడిచింది. నేను ఆమె దగ్గరికి వచ్చింది అలాంటి సంచి కుట్టుకోవడం నేర్చుకుందామని. పూతలపట్టు రోడ్డు మీద ఆమె సైకిలుకు వెనక రెండు పక్కలా వేలాడుతుంటే చూశాను. అరగంటగా కూర్చున్నాను. సంచి గురించి నాలుగు మాటలు వచ్చాయి, మిగతావన్నీ జయచంద్రకే వెళ్ళాయి.

ఆరేళ్ళుగా ఆమె పని గరిక. తెల్లవారగానే పొలం గట్ల మీద కోస్తుంది. ఇరవై ఒక్క పోచలు లెక్కపెట్టి అరటినారతో కట్ట కడుతుంది, తడిగుడ్డలో చుడుతుంది, సైకిలు మీద కాణిపాకం తీసుకుపోయి జయచంద్ర పూజాసామాన్ల అంగడిలో ఇస్తుంది. అక్కడ కొన్నవాళ్ళు వినాయకుడికి పెడతారు. సైకిలు కూతురు మహితది. ఆమె పెళ్ళయి సత్యవేడు వెళ్ళాక తల్లికి వచ్చింది. ఇన్నాళ్ళూ వెనక క్యారియరు మీద ఒకే మూట కట్టుకునేది. ఈసారి చవితికి రెండింతలు తీసుకుపోదామని పక్క సంచులు తయారుచేసింది.

“ఇలాంటి సంచులు కొనేవి కూడా ఉంటాయంట కదా?” అన్నాను.

“ఉంటాయి. కొనేవోళ్ళకు.”

ఆమె సంచి పైపొర ఎన్నికలప్పటి ఫ్లెక్సీ. టీ అంగడి వెనక చినిగి పడి ఉంటే అడిగి తెచ్చుకుంది. “మొగం లోపలికి పెట్టి కుట్టినా. వాన్ని ఊరంతా మోసుకోని తిరగాల్నా నేను?” లోపల బియ్యం సంచి. చక్రం వైపు విరిగిపోయిన ప్లాస్టిక్ కుర్చీ వీపు కోసి పెట్టింది, అందువల్ల సంచి లోపలికి వంగి చక్రంలో పడదు. పెయింటు బకెట్టు కడ్డీలను వంచి కొక్కేలు చేసింది. వాటిని క్యారియరుకు తగిలించి, కింద పాత ట్యూబు ముక్కతో బిగించి కడుతుంది. అడుగున కాల్చిన మేకుతో నాలుగు బెజ్జాలు, తడిగుడ్డ నీళ్ళు కారిపోవడానికి.

మొదటి రోజు ఒకటే తప్పు జరిగింది. సంచిని క్యారియరుకు మరీ ముందువైపుకు తగిలించింది. పెడలు వెనక్కి వచ్చినప్పుడల్లా మడమ సంచి మూలకు తగిలింది. ఆ మాటే అంగడిలో, ఉన్నదున్నట్టు, పని చేసే మనిషి తన పని గురించి చెప్పుకున్నట్టు చెప్పింది.

“అప్పుడు ఇద్దురు ఆడోళ్ళు కర్పూరం కొంటాండారు. జయచంద్రన్న వాళ్ళ మొగాలు సూసినాడు, సంచి సూసినాడు. ‘కాలికి తగిలిన గరిక స్వామికి ఎట్ల పెడతాం దేవకమ్మా’ అన్యాడు. గరిక యాడ మొలస్తాదప్పా? మిద్దె మీదనా? గట్టు మీద మొలస్తాది. గట్టు తొక్కకుండా కోసేవోడు ఉంటే తెమ్మను, సూస్తా.”

ఆ రోజు కట్టలన్నీ తిరిగి తెచ్చుకుంది. సాయంత్రమే కుట్లు విప్పి, ముందు మూల ఏటవాలుగా కోసి, కొక్కేలను జానెడు వెనక్కి జరిపింది. మరుసటి పొద్దున మడమలకు సున్నం పూసుకుని ఊరి బయట వంక దాకా తొక్కి వచ్చింది. భర్త ఓబయ్య వంగి రెండు సంచులనూ చుట్టూ తిరిగి చూశాడు. సున్నం చుక్క ఎక్కడా లేదు.

“నీకు పిచ్చి పట్టిందన్యాడు మా ఆయన. పట్టిందిలే అన్యా.”

ఈ సున్నం సంగతంతా జయచంద్రకు చెప్పింది. అతను “ఒకసారి తగిలిన సంచి తగిలిందే గదమ్మా” అన్నాడు. సరేనని దేవకమ్మ ఆ సంచులు పక్కన పడేసి, కొత్తగా తెచ్చిన ఫ్లెక్సీతో, కొత్త కడ్డీలతో మళ్ళీ మొదటి నుంచి రెండు కుట్టింది. వేళ్ళన్నీ పొడుచుకుపోయాయి. మొన్న వాటితో వెళ్ళేసరికి అంగడి ముందు ఒక ఆటో వచ్చి ఆగింది. అది నడుపుకొచ్చిన జయచంద్ర బావమరిది గరిక మూట దించాడు.

“నా సంచి దిక్కు సూడనే లేదు. ‘ఈ తూరి పండగకు మా బావమరిది తెస్తాండాడులేమ్మా’ అన్యాడు. ఆ మాట మొదట్నే అనుంటే నేనేమన్నా అంటానా? ఇంటోడికి పని ఇచ్చుకున్యాడు, అర్థం కాదా నాకు? నా కాలి మీద పెట్టినాడే, అది మండతాండాది నాకు. ఇప్పుడు ఆ వీధిలో పక్క అంగడికి పోతే, ‘కాలికి తగిలిన గరిక నీదే గదా’ అంటారు. చవితి ఇంక నాలుగు దినాలుండాది. అప్పటికీ ఇదే మాట నిలిస్తే యాడాదంతా ఎవురు తీసుకుంటారు నా చేతి గరిక?”

ఏదో ఒకటి చెప్పాలనిపించి, “ముందర హ్యాండిలుకు బుట్ట కట్టుకుంటే కాలికి దూరంగా ఉంటుంది కదమ్మా?” అన్నాను.

దబ్బనం ఆగింది.

“ముందర బరువుంటే మలుపు కాడ సైకిలు తిరగదు. అది వదిలిపెట్టు. నువ్వు గూడా తప్పు సంచిదే అంటావా? మూడు తూర్లు కుట్టినా. ఇంగా ఎంత దూరం జరపాల నా కాలికి? తలకాయ మీద పెట్టుకోని తొక్కాల్నా?”

లోపలి నుంచి ఓబయ్య, “ఆ పిల్లోని మీద ఎందుకు అరుస్తావు?” అన్నాడు.

“జయచంద్రన్న మీద అరసలేకపోతి గదా, ఈడన్నా అరసనీ” అంది. కాసేపటికి నా ముందు మజ్జిగ లోటా పెట్టింది. మాట మాత్రం మెత్తబడలేదు. “ఆటోలో మూట యాడున్నిందో తెలుసా? ముందర, ఆ బావమరిది కాళ్ళకింద. బ్రేకు తొక్కే కాలు ఎత్తి మూట మీదనే పెట్టినాడు. చెప్పుకాలు.”

“అడగలేదా మీరు?”

“అడగబోతిని. నాకు కోపమొస్తే గొంతు పట్టుకుంటాది, కండ్లలో నీళ్ళొస్తాయి. వాళ్ళు నీళ్ళే సూస్తారు, మాట ఇనరు. దేవకమ్మ ఏడుస్తాండాది, పాపం, ఒక రూపాయో పండో ఇయ్యండి అంటారు. నాకొద్దు ఆ పండు.”

ఆఖరి కుట్టు వేసి, నార పంటితో తెంపి, సంచిని నా ఒళ్ళోకి విసిరింది. తేలికగా ఉంది. ఏటవాలుగా కోసిన మూల దగ్గర కుట్టు రెండు వరుసలు వేసింది. దాని మీద చెయ్యి పెట్టి చూస్తుంటే ఆమె లేచి నిలబడింది.

“నీ సంచి నేను కుట్టి ఇస్తా, నువ్వు నేర్చుకోవాల్సిన పని లేదు. ఒక పని చెయ్యి నాకు. రేపు ఏడు గంటలకు కాణిపాకం పో. ఆటో వచ్చేదాకా కర్పూరమో ఏందో కొనేటోని మాదిరి ఆ అంగడికాడే నిలబడు. మూట యాడ నుంచి దించుతాడో కండ్లారా సూడు. జనం కూడినాక ఒక కట్ట చేతికి తీసుకోని అడుగు, ‘అన్నా, ఈ గరిక యాడ పెట్టుకోని తెచ్చినారు, ఎవురి కాళ్ళకాడ?’ అని. నా పేరు ఎత్తొద్దు. మెల్లగా మాత్రం అడగబాక. నీ గొంతు ఈడ కూసున్న నాకే సరిగా ఇనపడదు, గట్టిగా అడుగు.”