కరీం సార్ కొట్టిన గోల్స్

ఆ ఆదివారం నేను మైకు ముట్టుకోకుండా ఉంటే, కరీం సార్ వీడ్కోలు సభ మర్యాదగా బిర్యానీతో ముగిసేది. ముట్టుకున్నాను. ఇక వినండి నా ఘనకార్యం.

కంప్యూటర్ ముందు కూర్చోవడం వచ్చినవాడల్లా విమానమెక్కుతున్న రోజులవి. నేనూ ఎక్కి సింగపూర్‌లో దిగాను. ఆఫీసులో నా ప్రోగ్రాములు ఎంత నడిచేవో అడక్కండి. తెలుగువాళ్ల సభల్లో నా నోరు మాత్రం ఆగకుండా నడిచేది. అందుకే హైదరాబాద్ నుంచి వచ్చి ఇక్కడి బడిలో ఏళ్ల తరబడి లెక్కలు చెప్పిన కరీం సార్ రిటైరైతే, సన్మాన ప్రసంగం నాకు అప్పజెప్పారు.

వివరాల కోసం ఆయన భార్య నఫీసా ఆంటీకి ఫోన్ చేశాను. సార్ కాలేజీలో పేరుమోసిన ఫుట్‌బాల్ ఆటగాడనీ, ఫైనల్‌ను ఒంటిచేత్తో గెలిపించారనీ చెప్పింది. ఆవిడ ఇంకేదో చెప్పబోతుంటే, మిగతాది నేను చూసుకుంటానని పెట్టేశాను. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు. నేను పూర్తిగా అడగను కూడా లేదు.

పాయా లెబార్ మెట్రో స్టేషన్ దగ్గరి హాలు తెలుగువాళ్లతో, సార్ పాత విద్యార్థులతో నిండిపోయింది. నేను పూనకం వచ్చినట్టు మొదలెట్టాను. సార్ బంతితో మెరుపులా దూసుకుపోయేవారన్నాను. అడ్డొచ్చినవాళ్లు పేకమేడల్లా కూలేవారన్నాను.

"ఆయన కొట్టిన గోల్స్ లెక్కపెట్టాలంటే మళ్లీ ఆయనలాంటి లెక్కల మాస్టారే కావాలి!"

చప్పట్లు రావలసిన చోట నవ్వులొచ్చాయి. మెచ్చుకుంటున్నారనుకుని సార్ చేత ఇంకో రెండు గోల్స్ కొట్టించాను. పక్కనున్న మిత్రుడు శ్రీను నా చొక్కా లాగాడు.

"ఒరేయ్, ఆయన గోల్‌కీపర్‌రా."

నా మొహం నిప్పుల మీద అప్పడంలా ముడుచుకుపోయింది. సార్ లేచి వచ్చి, నా భుజం మీద చెయ్యేసి మైకు అందుకున్నారు.

"బేటా చెప్పింది నిజమే. గోల్స్ మస్తుగున్నయి. అన్నీ నేను ఆపలేకపోయినవి."

హాలు ఘొల్లుమంది. నవ్వులు తగ్గాక ఆయన నెమ్మదిగా అన్నారు.

"గోల్‌కీపర్ ఆపినవి ఎవ్వరికీ యాదుండవ్. ఒక్కటి వదిలితే జిందగీ అంత యాదుంటది. అందుకే టీచర్నయిన. ఫెయిల్ గాకుండ ఒక్క పిల్లగాణ్ని ఆపితే, వాడు మర్చిపోడు."

అదే మాట ఇంగ్లిష్‌లోనూ చెప్పారు. వెనక వరుసలో ఒక చైనీస్ డాక్టరు లేచి నిలబడ్డాడు. "దట్ వన్ మీ లా, సార్," అన్నాడు సింగపూర్ ఇంగ్లిష్‌లో, ఆ పిల్లగాణ్ని నేనేనన్నట్టు. అతని పక్కన ఇంకొకామె లేచింది. తర్వాత వరుసలకు వరుసలే లేచాయి. నా ప్రసంగమంతా కలిపినా ఆ నిలబడడానికి సాటి రాలేదు.

బిర్యానీ దగ్గర తల దించుకుని క్షమాపణ అడిగాను. సార్ నా ప్లేటులో ఇంకో ముక్క వేశారు.

"నీ స్పీచ్ మంచిగున్నది బేటా. గా ప్లేయర్ ఎవరో నాకు తెల్వదు గాని, మస్తు ఆడిండు."

ఆ బిర్యానీ సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట ఏ మహానుభావుణ్ని పొగడాలన్నా, ఆయన మైదానంలో ఏ చివర నిలబడేవాడో కనుక్కోనిదే నోరు తెరవను.