బూటు విప్పని పరీక్ష

1999లో నన్ను సింగపూర్‌లో బూన్ లేలోని ఒక క్లినిక్‌కి సీనియర్ ఫిజియోథెరపిస్టుగా వేశారు. ఐటీ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజులు. ఉదయంపూట మెడలు పట్టేసిన మన సాఫ్ట్‌వేర్ పిల్లలు వచ్చేవారు. మధ్యాహ్నం తువాస్ షిప్‌యార్డుల నుంచి లారీల్లో పనివాళ్ళు వచ్చేవారు. మెడ నొప్పికి సెలవు దొరికేది, కాలి నొప్పికి ఇంటికి టికెట్టు దొరికేది.

అలా వచ్చినవాడే సింహాచలం, శ్రీకాకుళం వైపు వెల్డరు. చీలమండ విరిగి అతుక్కున్నాక ఆరు వారాలు మా చైనీస్ సహోద్యోగి అతనిచేత వ్యాయామాలు చేయించాడు. చివరి పరీక్ష, ఫిట్‌నెస్ కాగితం మీద సంతకం నావి. ఆ సంతకం లేకపోతే వర్క్ పర్మిట్ రద్దవుతుంది.

చీలమండ బిగుసుకున్నా చదును నేల మీద నడక నడిచిపోతుంది. నిచ్చెన దగ్గర దాని ఆటలు సాగవు. దిగేటప్పుడు పై మెట్టు మీది చీలమండ బాగా వంగితేనే రెండో కాలు కింది మెట్టును అందుకుంటుంది. అందుకే ఒట్టి పాదాలతో గొంతుకూర్చోబెట్టి, మడమ నేల విడుస్తుందేమో చేత్తో పట్టి చూడాలి. పద్ధతి అది.

నేను వంగి సింహాచలం బూటు లేసు మీద చెయ్యి వేయగానే కాలు వెనక్కి లాక్కున్నాడు.

“మీరు పెద్దోలు, మాయమ్మలాటోలు. మీసేత కాలు పట్టించుకుంతే నాకు పాపం సుట్టుకుంతాది. బూటుతోనే సూసీండమ్మా,” అన్నాడు.

ఆరు వారాలు చైనీస్ మనిషి పట్టుకుంటే చుట్టుకోని పాపం నాతోనే ఎందుకొచ్చిందని అడగవలసింది. అడగలేదు. నిజం చెప్పాలంటే ఆ మర్యాదకు నాకు ముచ్చటేసింది. బూటుతోనే గొంతుకూర్చున్నాడు, మడమ లేవలేదు. సంతకం చేశాను.

పదకొండో రోజున ఓడ ట్యాంకులోకి నిచ్చెన దిగుతూ పడ్డాడు. సేఫ్టీ ఆఫీసరు ఆ బూటు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. లోపల మడమ కింద మడతలు పెట్టిన గుడ్డ, బొటనవేలంత మందం. మడమ ఎత్తు చేస్తే బిగిసిన చీలమండతోనైనా గొంతుకూర్చోవచ్చు. చదువుకుని నేను తెలుసుకున్న సంగతి అతనికి కాలే నేర్పింది. నన్ను మోసం చేశాడని కోపమొచ్చింది. ఆ కోపం ఆస్పత్రి మెట్ల దాకా కూడా నిలవలేదు.

వెన్ను విరిగింది. దుప్పటి తొలగించి రెండు పాదాలూ చేతుల్లోకి తీసుకున్నాను. “ఒద్దమ్మా,” అన్నాడు గాని కాళ్ళు లాక్కోలేదు. లాక్కునే శక్తి వాటిలో లేదు.

ఆ తరువాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒట్టి పాదం పట్టి చూడకుండా ఎవరి కాగితం మీదా సంతకం పెట్టలేదు. విప్పనని మొరాయించినవాళ్ళ బూట్లు నేనే విప్పాను.