ఏ ఇంటి కోళ్లు ఆ ఇంటికి

మా టీచరుగారు పోయారు. పోయిన బుధవారం తెల్లవారుతుండగా డిపోలో టికెట్టు మిషను అప్పగిస్తుంటే నాకు ఆ కబురు అందింది. ఫోనులో మా ఆవిడ ఒక్క ముక్కే చెప్పింది, "నిద్రలోనే పోయారంట" అని. నేను వెంటనే, "గుడ్లకి ఇంకెన్ని రోజులుంది?" అని అడిగాను. పక్కనున్న డ్రైవరు నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. మనిషి పోయారంటే గుడ్ల సంగతేమిటని మీరూ అనుకుంటారు. అందుకే మొదటి నుంచీ చెబుతాను. చెప్పేటప్పుడు ఏడుపు కంటే హుషారే ఎక్కువ కనిపిస్తే ఏమీ అనుకోకండి. ఆవిడ గురించి నవ్వకుండా మాట్లాడటం తిరువూరులో, కనీసం మా వీధిలో, ఎవరికీ చేతకాదు.

నాకు రెండో తరగతిలో అక్షరాలు దిద్దించింది ఆవిడే. నా పలక చూసి, "ఒరేయ్, నీ అక్షరాలన్నీ బ్రేకేసిన బస్సులో జనంలాగ ఒకే పక్కకి ఒరుగుతాయేంట్రా?" అనేవారు. పెద్దయ్యాక నేను బస్సు కండక్టరునే అయ్యాను. ఆవిడ రిటైరై మా ఎదురింట్లోకి వచ్చారు, వెంట కోళ్లతో సహా. గంపలగూడెం వైపు స్కూల్లో పనిచేసినప్పుడు అక్కడివాళ్లు ఇచ్చిన రెండు పెట్టల సంతానమట అదంతా. రోజూ పొద్దుగూకే వేళ పెరట్లో నూకలు చల్లి, పాత ఎర్ర పెన్సిలు చెవి మీద పెట్టుకుని, నోటుబుక్కులో కోళ్లకి హాజరు వేసేవారు. ఏదైనా రాకపోతే ఆ పుస్తకంతోనే వీధిలోకి వచ్చేవారు. "మా మచ్చల పెట్ట మీ ఇంటికొచ్చిందా అండి?" అని ఇల్లిల్లూ అడిగేదాకా ఆవిడకి అన్నం సయించేది కాదు.

ఇరవై ఒక్క పెట్టలు, ఒక పుంజు. నా గొడవంతా ఆ పుంజుతోనే. రాత్రంతా బస్సు మీదే గడిపే నైటవుట్ డ్యూటీ చేసి తెల్లవారుజామున ఇంటికొచ్చి నడుం వాల్చానో లేదో, నా కిటికీకి ఎదురుగా గోడెక్కి మొదలుపెట్టేది. చెవుల్లో దూది పెట్టుకున్నాను. మంచం వంటింట్లోకి మార్చాను. లాభం లేకపోయింది. ఆవిడ మొహం చూసి చెప్పే ధైర్యం మాత్రం చిక్కలేదు. రెండో తరగతి టీచరు ముందు ఎంత వయసొచ్చినా మనం రెండో తరగతే.

అంతకు కొన్నాళ్ల ముందే ఆటోకి మైకు కట్టి పట్టణంలో కొత్త నిబంధన చాటారు. ఇంటికి నాలుగు కోళ్లకు మించకూడదు, సాయంత్రమయ్యేసరికి ఏ ఇంటి కోళ్లు ఆ ఇంట్లోనే ఉండాలి. ఎవరూ పట్టించుకోలేదు. నేను పట్టించుకున్నాను. ఒక తెల్లకాగితం తీసుకుని, మా ఎదురింట్లో నిబంధనకు విరుద్ధంగా కోళ్లున్నాయని, పుంజు తెల్లవారుజామున నిద్రపోనివ్వడం లేదని అర్జీ రాసి, కింద పేరుకి బదులు "ఇట్లు, వీధి ప్రజలు" అని పెట్టి మున్సిపల్ ఆఫీసు పెట్టెలో వేసి వచ్చాను. నేను చేసిన పాడు పనుల్లో అదే మొదటిది.

వారం తిరక్కుండా ఆవిడకి నోటీసు వచ్చింది. రెండు రోజుల్లో తగ్గించకపోతే మిగతా కోళ్లను తీసుకుపోతామని. ఆ సాయంత్రం ఆవిడ నోటుబుక్కు తెరిచి హాజరు వేయలేకపోయారు. అరుగు మీద కూర్చుని, "పద్దెనిమిదింటికి టీసీ ఇవ్వాలంట్రా నేను" అన్నారు. పుంజుకి గుణపాఠం చెబుదామనుకున్నాను గానీ ఆవిడ కళ్లలో నీళ్లు చూడాలనుకోలేదు. చెప్పేద్దామనుకుంటూనే లేచి ఇంటికొచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని, చంకకో పెట్టను పెట్టుకుని వీధిలోకి దిగారు. ప్రతి ఇంటి ముందూ ఒకటే మాట. "పాలికి ఇస్తున్నానండి, పెంచుతారా?" పాలికివ్వడమంటే కోడి ఆవిడది, పెంపకం మనది, పిల్లలు చెరిసగం. ఊళ్లలో మేకలకీ గేదెలకీ చేసే పద్ధతి. తొమ్మిది ఇళ్లకి రెండేసి చొప్పున పద్దెనిమిదీ సర్దేశారు. టైలరమ్మ తీసుకుంది, మిలటరీ ఆయన తీసుకున్నాడు, చర్చి పక్కింటివాళ్లు తీసుకున్నారు. చివరికి మా గుమ్మం ముందుకొచ్చి, ఒక పెట్టను మా ఆవిడకిచ్చి, మచ్చల పెట్టను నా చేతిలో పెట్టి, "దీన్ని నీకే ఇవ్వాలనుకున్నాను నాన్నా" అన్నారు. నేను రెండు చేతులతోనూ పట్టుకున్నాను.

అందరికీ ఒకే షరతు. మూడు రోజులు గంప కింద నుంచి తీయకూడదు. "పిల్లకైనా కోడికైనా మూడు రోజులే కష్టం. నాలుగో రోజుకి అదే దాని బడి అయిపోతుంది" అనేవారు. ఆ మాట నేనొక్కణ్ణయినా వినాలా వద్దా? రెండో రోజు గంప కింద అవి చేసే గోల చూడలేక ఎత్తేశాను. ఊరుకోకుండా, "పాపం, వదిలేయండయ్యా, ఎక్కడికి పోతాయి?" అని వీధంతా చెప్పి మరో నాలుగిళ్లలో గంపలెత్తించాను.

సరిగ్గా ఆ సాయంత్రమే లెక్క చూడటానికి మున్సిపల్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. టీచరుగారు గూడు చూపిస్తూ, "నాలుగేనండి, మూడు పెట్టలు, ఒక పుంజు" అంటున్నారు. పొద్దు వాలింది. ముందు మా మచ్చల పెట్ట గేటు సందులోంచి దూరింది. వెనకాలే టైలరమ్మవి రెండు. ఆ తర్వాత మిలటరీ ఆయనవి, ఆయన చేతికర్రతో వెంటపడి వస్తుండగానే. అన్నీ వరసగా వచ్చి, ఇన్‌స్పెక్టరు కాళ్ల మధ్య నుంచి గూట్లోకి ఎక్కేశాయి. వీధంతా పెరట్లోకి దిగింది. ఎవరి కోడిని వాళ్లు పట్టబోతే ఎవరి చేతికీ చిక్కలేదు. నేను నూకల డబ్బా మీద పడ్డాను.

"ఇవేంటి టీచరుగారూ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"చుట్టాలండి. పలకరించి పోదామని వచ్చాయి."

ఆయన నవ్వు ఆపుకుంటూ సంచిలోంచి కాగితం తీశాడు. "నేనేం చేయనమ్మా, అర్జీ వచ్చింది. చూడండి." నా కాగితమే. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివి, జాగ్రత్తగా మడిచి ఇచ్చేశారు. "బాగానే రాశారండి. చదువుకున్నోళ్లే" అన్నారు. నా వైపు చూడనైనా లేదు. బతికిపోయాననుకున్నాను. ఇన్‌స్పెక్టరు ఇంకో నాలుగు రోజులు గడువిచ్చి వెళ్లాడు.

ఈసారి ఎవరూ గంప ముట్టుకోలేదు. మూడు రోజులూ ఆవిడే ఇల్లిల్లూ తిరిగి ప్రతి గంప దగ్గరా కూర్చుని, "ఇదేనమ్మా మీ ఇల్లు" అని చెప్పి వచ్చారు. నాలుగో రోజు పొద్దున గంపలు లేచాయి. సాయంత్రానికి ఇన్‌స్పెక్టరు కుర్చీ వేసుకుని వీధి మధ్యలో కూర్చున్నాడు. మేమంతా గుమ్మాల్లో ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. నేను ఆ రోజు సెలవు పెట్టాను. టైలరమ్మ పెట్టలు టైలరమ్మ మెట్లెక్కాయి. ఒకటే చప్పట్లు! మిలటరీ ఆయనవి కవాతు చేసినట్టు నేరుగా వెళ్లాయి. పదిహేడు లోపలికి వెళ్లిపోయాయి. మా మచ్చల పెట్ట ఒక్కటే మిగిలింది. అది నడిరోడ్డు మీద ఆగి, ఒకసారి టీచరుగారి గేటు చూసింది, ఒకసారి మా గుమ్మం చూసింది. ఆవిడ గేటు వెనక నోటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు. అలవాటుగా పిలుస్తానేమోనని భయం. పెట్ట తాపీగా తిరిగి మా మెట్లెక్కింది. నేను అరిచిన అరుపు బస్టాండు దాకా వినపడి ఉంటుంది. ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టాడు. టీచరుగారు "దేవుడికి స్తోత్రం" అని అందరికీ టీ పెట్టారు.

ఆ తర్వాత ఒక వింత జరిగింది. నేను నైటవుట్ చేసి వచ్చిన రోజుల్లో పుంజు కూయడం మానేసింది. ఎండెక్కాక కూసేది. దానికీ బుద్ధొచ్చిందనుకుని హాయిగా నిద్రపోయాను.

పోయిన నెలలో మా మచ్చల పెట్ట పొదుగుకి వచ్చింది. నేను డ్యూటీలో ఉండగా టీచరుగారే పదకొండు గుడ్లు తెచ్చి, మా వెనక గదిలో ఊక పోసిన బుట్టలో సర్ది, పెట్టను కూర్చోబెట్టారు. మా ఆవిడని కూడా దగ్గరికి రానీయలేదట. "ఇరవై ఒక్క రోజులూ ఎవరూ చెయ్యి పెట్టకండి. మీ ఆయనకి మరీ మరీ చెప్పు" అన్నారట. పంతొమ్మిదో రోజున ఆవిడ పోయారు. గురువారం చర్చి గంట మోగుతుండగా వీధి వీధంతా నడిచి వెళ్లి సాగనంపాం. ఇన్‌స్పెక్టరు కూడా వచ్చాడు.

శుక్రవారం మధ్యాహ్నం బుట్టలో కిచకిచలు మొదలయ్యాయి. తలుపులు తీసి ఇల్లిల్లూ కేకేశాను. పెట్టను మెల్లగా ఎత్తితే, పొదుగుకి వేసిన గుడ్లకి బొగ్గుతో పెట్టే గీతకి బదులు, ప్రతి గుడ్డు మీదా ఎర్ర పెన్సిలుతో ఆవిడ గుండ్రటి అక్షరాలు. "టైలరమ్మకి." "మిలటరీ ఆయనకి." "ఇన్‌స్పెక్టరుగారికి." అందరం గట్టిగా చదువుతూ, ఒకళ్ల మీద ఒకళ్లు పడుతూ నవ్వుతున్నాం. ఆఖరి గుడ్డు అప్పుడే చిట్లుతోంది. దాని మీద ఇలా ఉంది: "అర్జీ రాసినాయనకి. అక్షరాలు ఇంకా ఒరుగుతున్నాయిరా."

అందరి ముందూ బావురుమన్నాను. అందరికీ చెప్పేశాను కూడా. టైలరమ్మ, "అందుకేనా, నువ్వు నైటవుట్ నుంచి వచ్చే రోజుల్లో పుంజు గూటి మీద గోనెసంచి కప్పేవారు! వెలుగు కనపడకపోతే కూయదని" అంది.

పిల్లకైనా కోడికైనా మూడు రోజులే అన్నారు ఆవిడ. వారం దాటింది. నాకింకా నాలుగో రోజు రాలేదు.

పుంజు ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటోంది. నిన్న నైటవుట్ నుంచి వచ్చేసరికి గూడు పక్కన గోనెసంచి మడిచి ఉంది. మా ఆవిడ కప్పమంటావా అంది. వద్దన్నాను. బూట్లయినా విప్పకుండా మెట్టు మీద కూర్చున్నాను. ఎదురింటి గేటుకి తాళం వేసి ఉంది. పుంజు గోడెక్కి, రెక్కలు ఒకసారి టపటపలాడించి, గొంతెత్తింది. ఆపేదాకా విన్నాను.