ఎనిమిది కొబ్బరిచెట్లూ రెండు హెలికాప్టర్లూ

నా బతుక్కి నేను హెలికాప్టర్ని దగ్గరగా చూసింది ఎన్నికల సభల్లోనే. అదీ కళ్ళనిండా దుమ్ము పడి, కొంగుతో మొహం కప్పుకుని. అందుకే మేరీరత్నం ఫోన్ చేసి, "ఒసే పద్మా, శుక్రవారం మా ఊళ్ళో హెలికాప్టర్ల పోటీ ఉందే, వస్తావా?" అనగానే బ్యాంకులో సెలవు పెట్టేశాను. రత్నం, నేను రాజమండ్రిలో కలిసి డిగ్రీ చదివాం. ఇప్పుడు అది అల్లవరం వైపు ఒక హైస్కూల్లో లెక్కల టీచరు. వాళ్ళాయన ప్రభాకర్ సముద్రం మధ్యలో గ్యాస్ తీసే ప్లాట్‌ఫాం మీద ఎలక్ట్రీషియన్. రెండు వారాలు నీళ్ళ మీద, రెండు వారాలు ఇంట్లో. రానూ పోనూ హెలికాప్టరే. ఆ ప్లాట్‌ఫాం మనుషుల్ని మోసే కాంట్రాక్టు గడువు అయిపోవచ్చింది. ఇన్నేళ్ళుగా మోస్తున్న కంపెనీ ఒకటి, కొత్తగా దిగిన కంపెనీ ఒకటి, ఇద్దరూ వాళ్ళ ఊరి హెలిప్యాడ్ నుంచి ఎగిరి చూపించాలి. కంపెనీల పేర్లు నేను రాయను. ఊళ్ళో కూడా ఎవరూ పేరు పెట్టి పిలవడం లేదు, రంగుని బట్టి నీలంది, పసుపుది అంటున్నారు. "సరదా అనుకుని వస్తున్నావేమో, పసుపుది గెలిస్తే మా నాన్న చెట్లు పోతాయే" అంది రత్నం, ఫోన్ పెట్టేసే ముందు.

విజయవాడ నుంచి వెళ్ళేవాళ్ళు తెల్లారకముందే రాజమండ్రి వైపు వెళ్ళే బస్సు పట్టుకోండి. మూడు మూడున్నర గంటల్లో రావులపాలెంలో దిగొచ్చు. ఎక్స్‌ప్రెస్ అయితే ఆడవాళ్ళకి ఆధార్ చూపిస్తే చాలు, టిక్కెట్టుకి డబ్బులక్కర్లేదు. రావులపాలెంలో అరటి గెలల లారీల మధ్య నుంచి దారి చేసుకుని అమలాపురం బస్సెక్కాను. కొత్తపేట దాటినప్పటి నుంచీ కిటికీలో కొబ్బరి తప్ప ఇంకేం లేదు. నేను ఎన్నిసార్లు చూసినా ఆ పచ్చదనానికి నోరు తెరుచుకునే ఉంటాను, ఏం చెయ్యను. అమలాపురంలో పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు తిని, నాలుగొందలకి ఆటో మాట్లాడుకున్నాను. అయిదొందలు అడిగాడు, నేను ఊరుకునే రకాన్ని కాదు.

ఆటో ఆయన పేరు సత్తిబాబు. హెలికాప్టర్లు చూడ్డానికి వచ్చానని చెప్పగానే బండి వేగం తగ్గించి వెనక్కి తిరిగాడు. "నీలందేనండి గెలిచేది. ఇన్నేళ్ళ నుంచీ చూత్తన్నాం కదండీ, టైముకి వత్తాది, టైముకి పోద్ది. ఆ పసుపుది మరీ దున్నపోతులా ఉందండి బాబూ!" అన్నాడు.

"మీకేంటండీ అందులో?" అన్నాను.

"నాకేం లేదండి. మా బావమరిది పసుపు పార్టీ అండి. మూడ్రోజుల్నించీ మాటల్లేవు. ఆయ్!" అన్నాడు, మహా సంతోషంగా.

రత్నం వాళ్ళ తోట హెలిప్యాడ్ కంచెని ఆనుకునే ఉంది. కంచె పొడుగునా వరసగా ఎనిమిది చెట్లు, ఒకదాన్ని మించి ఒకటి ఎత్తు. రత్నం వాళ్ళ నాన్నగారు బతికున్నన్నాళ్ళూ ఊళ్ళో రైతుల చెట్లెక్కి కాయలు కోసి దింపు తీసినాయన. కూతురికి ఉద్యోగం వచ్చాక ఆ ముక్క నేల కొని, మొట్టమొదట ఆ వరస నాటారట. "మా ఇంటావంటా సొంత చెట్టు ఎక్కిన మొదటి మనిషి మా నాన్నే" అని రత్నం ఎప్పుడూ చెబుతుంది, ఆ మాట చెప్పినప్పుడల్లా కాస్త నిటారుగా నిలబడుతుంది. ఆ వరస సరిగ్గా హెలికాప్టరు లేచి వెళ్ళే దారిలో ఉంది. నీలంది చిన్నది, చెట్ల మీంచి దాటిపోతుంది. పసుపుది పెద్దది, మనుషుల్ని ఎక్కువమందిని మోస్తుంది, దానికి ఆ దారి ఖాళీ కావాలి. చెట్లు రత్నంవి కాబట్టి అది సరే అంటేనే కొట్టాలి. ఆరు వారాల నుంచి అది కుదరదంటూనే ఉంది. ప్రభాకర్ గారు మాత్రం అటు ఒక్క మాట అనలేదట, ఇటు ఒక్క మాట అనలేదట. ఆ రోజు ఆయన ప్లాట్‌ఫాం మీదే ఉన్నారు.

మమ్మల్ని అందర్నీ సెక్యూరిటీ వాళ్ళు పంటకాలువ గట్టు మీదే ఆపేశారు. ముందు నీలంది. అయ్యబాబోయ్, అది లేవడం చూడాలి! ఇలా కదిలిందో లేదో అలా చెట్ల తలల మీంచి సముద్రం వైపు వెళ్ళిపోయింది. గట్టు మీద సగంమంది ఈలలు వేశారు, ఆటో పక్కన పెట్టి మాతోపాటు నిలబడ్డ సత్తిబాబు అయితే గంతులే వేశాడు. తర్వాత పసుపుది. లోపల మనుషుల బరువుకి సరిపడా ఇసుక బస్తాలు వేసి, గాల్లోకి లేచాక ఒక ఇంజను ఆగిపోతే ఎలా ఉంటుందో చూపిస్తారని చెప్పారు. రెక్కలు తిరగడం మొదలవ్వగానే కాళ్ళ కింద గట్టు అదిరింది, చప్పుడు చెవుల్లోంచి కాదు, ఆ గట్టులోంచి వచ్చింది. అంత ఇనుము అలా నేలని వదిలేసి లేవడం చూసి నాకు కళ్ళంబడి నీళ్ళొచ్చాయి. ఎందుకో అడక్కండి, నాకే తెలీదు. ఉన్నట్టుండి చప్పుడు సగానికి పడిపోయింది. ఒక ఇంజను తగ్గించేశారన్నమాట. అది ఆగలేదు, కింద పడలేదు, కానీ నిండు బిందె ఎత్తుకుని మెట్లెక్కే మనిషిలా మెల్లగా, చాలా మెల్లగా పైకొస్తోంది. ఎదురుగా ఎనిమిది చెట్లు. పొట్ట కింద చక్రాలు కనిపిస్తున్నాయి. మట్టలన్నీ వెనక్కి వాలిపోయాయి, పిందెలు టపటపా రాలాయి. రత్నం నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగాయి. చెట్లు ఇంక అందుతాయనగా రెండో ఇంజను కూడా గర్జించింది, యంత్రం ఒక్కసారి పక్కకి వాలి ఆకాశంలోకి లేచిపోయింది. అప్పుడు అందరం ఒకేసారి ఊపిరి వదిలాం.

మధ్యాహ్నం రెండు కంపెనీలవాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు రత్నం వాళ్ళ అరుగు మీదికి వచ్చారు. రత్నం ఇద్దరికీ కొబ్బరి బొండాలు కొట్టించింది, ఇద్దర్నీ ఒకటే ప్రశ్న అడిగింది. "మా ఆయన లోపల ఉండగా ఒక ఇంజను ఆగిపోతే ఏంటండీ?"

నీలం కంపెనీ మేనేజరు గారు మర్యాదస్తుడే. "అలాంటివేం జరగవండి. ఇన్నేళ్ళలో ఎప్పుడైనా జరిగిందా? మీ చెట్ల మీద చెయ్యి వెయ్యం, మీరు నిశ్చింతగా ఉండండి" అన్నారు. ఆయన వెళ్ళాక పసుపు కంపెనీ పైలట్ వచ్చారు. విశాఖపట్నం మనిషి, నేవీలో చేసి వచ్చినాయన, అందరూ కెప్టెన్ గారనే అంటున్నారు.

"జరగొచ్చమ్మా. అందుకే రెండు ఇంజన్లు. అందుకే ఆ దారి ఖాళీ అడుగుతున్నాం" అన్నారాయన.

"మరి నీలందానికి మా చెట్లు అడ్డం కావాండీ?"

కెప్టెన్ గారు చేతిలో బొండాం కింద పెట్టారు. పోటీదారుడి మీద నాలుగు మాటలు పడెయ్యడానికి అంతకన్నా మంచి అవకాశం ఎవరికి దొరుకుతుంది? "అది మంచి మిషనేనమ్మా. తేలిక. పొద్దున చల్లగా ఉంటే ఒక ఇంజను మీదైనా దాటేస్తుంది. ఎండ ముదిరితే గాలి పలచబడుతుంది, నిండా మనుషులుంటే..." అని ఆగి, "దారి ఖాళీగా ఉంటే ఎవరికైనా మంచిదే" అన్నారు.

రత్నం చెట్ల వైపు తిరిగింది. "పైన కాస్త కొట్టించుకుంటే చాలదాండీ?" అని అడిగింది, అడిగాక తనే తల అడ్డంగా ఊపింది. కొబ్బరిచెట్టుకి తల తీస్తే ఇంకేం మిగలదు, చెట్టెక్కినాయన కూతురికి ఆ సంగతి వేరే చెప్పాలా? ఆయన లేచి దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. ఆ రోజుకి రత్నం అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. సాయంత్రం పులస కాదు గానీ మంచి గోదావరి చేపల పులుసు పెట్టింది, చర్చి వరకు నడిచొచ్చాం, హెలికాప్టర్ల ఊసు ఎత్తలేదు. మర్నాడు పొద్దున్నే నేను బస్సెక్కేశాను.

కొన్ని వారాలకి అదే ఫోన్ చేసింది. కాంట్రాక్టు మళ్ళీ నీలంవాళ్ళకే వచ్చిందట. "హమ్మయ్య! చెట్లు మిగిలాయి కదే!" అని నేను బ్యాంకులో అందరూ తిరిగి చూసేలా అరిచాను.

"కొట్టించేశానే. పోయినవారమే" అంది రత్నం.

"పిచ్చిదానా, ఇంకా తేలకముందే ఎందుకే? ఈ నీలంవాళ్ళు అక్కర్లేదన్నారు కదే!"

"ఎవరిది వస్తే ఏంటే? ఎక్కేది ఆయనే కదా" అంది. కొట్టడానికి వచ్చినవాళ్ళు, మొదటి చెట్టు మొదట్లో వాళ్ళ నాన్న ఎక్కడానికి కాళ్ళకి తాడు వేసుకునే చోట బెరడు నునుపుదేరి ఉందని చూపించారట. అది చెబుతూ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ప్రభాకర్ గారు దిగి ఇంటికొచ్చిన రోజు కంచె దగ్గర చాలాసేపు నిలబడి, లోపలికి వచ్చి అన్నం కూడా అడక్కుండా దాని పక్కనే కూర్చున్నారట.

ఆ శుక్రవారం అంత బరువు నేలని వదిలి లేవడం చూసి నేను నోరెళ్ళబెట్టాను. ఇప్పటికీ ఆ ఆశ్చర్యం తగ్గలేదు, కళ్ళు మూసుకుంటే కాళ్ళ కింద గట్టు అదురుతూనే ఉంటుంది. కానీ ఇంతకాలం నేను హెలికాప్టరుని ఎగరేసేది ఇంజన్లే అనుకున్నాను. కింద ఇంట్లో ఉండి, ఎప్పటికీ జరక్కపోవచ్చు అనుకునే ఒక్క క్షణం కోసం, తన తండ్రి నాటిన వరసని తనే కొట్టించుకున్న మనిషి గురించి నాకెప్పుడూ తట్టలేదు. ఆ లెక్కల టీచరుకి ఇందులో ఏ లెక్కా కుదరలేదు, అయినా చేసేసింది.

మీరూ చూడాలనుకుంటే ఒక మాట. హెలిప్యాడ్ గేటు దగ్గరికి వెళ్ళకండి, నిలబడనివ్వరు, ఫోటోలు అసలు తియ్యనివ్వరు. ముందురోజే అమలాపురంలో దిగి, పొద్దున ఎనిమిది లోపల కాలువ గట్టు మీదికి చేరుకుని, గొడుగు మూసేసి, తోటలో ఖాళీగా ఉన్న చోటుకి ఎదురుగా నిలబడండి. అక్కడి నుంచి సముద్రం దాకా ఏదీ అడ్డు రాదు.