వెంట్రుక చూసి జంతువును చెప్పిన సలోమి

వట్లూరులోని ఒక డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబులో సలోమి ఇరవై నాలుగేళ్లుగా అటెండరు. స్లైడ్లు కడగడం, మైక్రోస్కోపులు తుడవడం ఆమె పని. తుడిచాక ఒకసారి అందులోకి తొంగిచూడటం మాత్రం ఎవరూ చెప్పని పని.

పాపికొండల నేషనల్ పార్కులో చిరుతల మీద పరిశోధన చేస్తున్న నిరంజన్ ఒకరోజు ఆ ల్యాబుకు కాగితపు కవర్లతో వచ్చాడు. లోపల ఎండిపోయిన చిరుత మలం.

కడగడానికి సాయం చేస్తూ సలోమి అడిగింది. “ఇందులో ఇన్ని వెంట్రుకలేంటండీ?”

“చిరుత తిన్న జంతువులవండీ. మాంసం అరిగిపోతుంది, వెంట్రుక అరగదు. ఒక్కో జంతువు వెంట్రుక లోపల ఒక్కో రకం అల్లిక ఉంటుంది.”

ఆ మాట ఆమె మనసులో నాటుకుపోయింది. దెందులూరులో అక్కగారి ఆవువి, గేదెవి, వీధిలో మేకవి, చర్చి మెట్ల మీద పడుకునే కుక్కవి వెంట్రుకలు తెచ్చి స్లైడ్లు చేసుకుంది. దుప్పివీ, అడవిపందివీ, కోతివీ నిరంజన్ తెచ్చిచ్చాడు. ఏడాది తిరిగేసరికి, అనుమానం వస్తే అతనే ఆమెను అడిగేవాడు.

ఆ వేసవిలో కొండమీది ఒక ఊళ్లో రెండు దూడలు మాయమయ్యాయి. చిరుతే తినేసిందని, దానికి విషం పెడతామని ఊరివాళ్లు పట్టుబట్టారు. ఊరి చుట్టూ దొరికిన చిరుత మలం పదకొండు కవర్లలో సలోమి ముందుకొచ్చింది. అడవిపంది, కోతి, దుప్పి, రెండింట్లో కుక్క. దూడ వెంట్రుక ఒక్కటీ లేదు.

“కాగితం మీద రాసిస్తే నమ్మరండీ. మీరే రావాలి,” అన్నాడు నిరంజన్.

యాభై మూడేళ్లొచ్చినా సలోమి ఏనాడూ కొండెక్కలేదు. మైక్రోస్కోపు ఒళ్లో పెట్టుకుని జీపులో బయల్దేరింది.

ఊళ్లో దూడలు పోయిన ముసలామె మూడు పొట్లాలు తెచ్చి ఆమె ముందు పెట్టింది. “వెంట్రుక చూసి చెప్పేత్తావంట. ఇవేంటో చెప్పు.”

సలోమి అరుగు మీద కూర్చుని చూసింది. “ఇది మేకండీ. ఇది కుక్క.” మూడోదాన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది. “ఇది నాకు తెలీదండీ. ఎప్పుడూ చూడలేదు.”

ముసలామె నవ్వింది. “బెట్లుడుత తోకది. మా అడివి చెట్ల మీదుండే పెద్ద ఉడుత. నీకెలా తెలుత్తాది? తెలీనిది తెలీదన్నావు. మిగతాది నమ్ముతాం.”

ఆ తర్వాత ఊరంతా వంతులేసుకుని మైక్రోస్కోపులోకి చూశారు. విషం మాట మానేశారు. కుక్కల కోసం చిరుత ఊరిదాకా వస్తోందని తెలిసి, చీకటి పడకముందే దూడల్నీ మేకల్నీ దడి లోపల కట్టడం మొదలుపెట్టారు.

ఆర్నెల్లకు ఆ ఊరివాళ్లే ఒక కవరు పంపారు. సలోమి చూసి ముసలామెకు ఫోన్ చేసింది.

“ఈసారి మేకనే తిందండీ,” అని ఉన్నమాట చెప్పేసింది.

“అనుకున్నాంలే. దడి తలుపు మేమే వెయ్యలేదు,” అందామె. ఆ వారమే దడి రెండు మూరలు ఎత్తు లేపారు.