వెనక నుంచి పట్టుకున్న బండి

మా బావ బండి డీజిల్ ఎక్కువ తాగుతోందన్న సంగతి నాకు మొదట చెప్పింది బావ కాదు. పళ్ళిపట్టు బస్సులో నా పక్కన కూర్చున్న ఒక ముసలాయన. ఆయనదీ బావవాళ్ళ వీధే.

"మీ అక్క వదల్లేదయ్యా ఆ బండిని. వెనకాల పట్టుకోనుండాది. అందుకే అది ముందుకు పోలేక అంత తాగతా ఉండాది," అన్నాడు, వాన పడేట్టుంది అన్నంత మామూలుగా. తరవాత చెరుకు సంగతి ఎత్తుకున్నాడు.

నేను దినపత్రికలో చాలాకాలం పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇలాంటి మాట చెవిన పడితే ఎవరన్నారు, ఎవరు చూశారు అని అడగడం అలవాటు. ఆరోజు అడగలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాను.

బావది నాలుగు సిలిండర్ల డీజిల్ పికప్. పళ్ళిపట్టు దగ్గరి నేత వీధి నుంచి లుంగీల మూటలు ఎత్తుకొని, తిరుత్తణి మీదుగా తిరువళ్ళూరులో ఒక వ్యాపారి గోడౌనుకు చేరుస్తాడు. వచ్చేప్పుడు అక్కణ్ణుంచి నూలు తెస్తాడు. పుట్టింది నేతింట్లోనే గాని, బావ మగ్గం మీద ఎక్కువకాలం కూర్చోలేదు. ఆ ఇంట్లో మగ్గం అక్కది. బండి చప్పుడు వినబడగానే అక్క మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, మూటలు దించడానికి ఒక చెయ్యి వేసేది.

అలా చెయ్యి వేసిన ఒక మధ్యాహ్నమే పోయింది. వాళ్ళ వీధి గుట్ట వాలులో ఉంటుంది. బావ ఇంటిముందు ఎత్తు మీద బండి ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి దిగాడు. అక్క వెనక తలుపు దించి నూలు మూట పట్టుకుంది. కింద బ్రేకు తీగ తెగింది. బండి వెనక్కి జారింది. వెనక ఎదురింటి గోడ ఉంది.

అంతకు కొద్దిరోజుల ముందే షెడ్డులో అన్నీ చూసి ఇచ్చిన బండి అది. తప్పు ఫలానావారిదని ఎవరూ అనలేకపోయారు. బావకు అదే పెద్ద కష్టమైందనుకుంటాను. కోప్పడటానికి ఒక మనిషి కూడా దొరకలేదు.

బండి అమ్మెయ్యమని అందరం చెప్పాం. బావ మా మొహాలు చూసి, "అమ్మేసి యాడ కూర్చోవాల నేను? ఇంట్లోనా? ఆ మగ్గం ముందరా?" అన్నాడు. మగ్గం గుంట మీద అప్పటికే ఒక పలక వేసి పెట్టాడు. పలక మీద ఎవరూ కాలు పెట్టేవారు కాదు. కర్మ దినాలు అవగానే బండి తీశాడు. పొద్దున పోతే చీకటిపడే వేళకే ఇల్లు చేరేవాడు. ఆ ఇంట్లో పగలు ఉండకుండా బతకడానికి ఆయనకున్నది ఆ బండి ఒక్కటే.

మొన్నటి వేసవిలో అదీ పోయేలా కనబడింది. డీజిల్ పోయించేది తిరువళ్ళూరు వ్యాపారి. ఆయన బావతో మర్యాదగానే అన్నాడు: "ఆడి నెల దాకా, మీ ఆషాఢం దాకా చూస్తా, అన్నా. అప్పటికీ బండి దారికి రాకుంటే లోడు వేరే బండికి ఇచ్చేస్తా. తప్పుగా అనుకోవద్దు."

గోడౌను నుంచి బావ నేరుగా తిరువళ్ళూరులోనే ఉన్న మా ఇంటికి వచ్చాడు. గడపలో నిలబడే మొదలుపెట్టాడు.

"ఏం బామ్మర్దీ, పేపర్లో వారం వారం రాస్తా ఉంటివే, బండికి మైలేజీ పెంచేది ఎట్లా అని. రా, ఇప్పుడు పెంచు."

ఆ శీర్షిక నేను నడిపిన మాట నిజమే. ఏజెన్సీ వార్తలు ముందు పెట్టుకొని తెలుగులో రాసేవాణ్ణి. సైకిలు తప్ప నాకేదీ నడపడం రాదన్న సంగతి పాఠకులకు తెలియదు. బావకు తెలుసు.

"నాలుగు సిలిండర్లు గదా బావా, కొంచెం తాగుతుంది."

"కొంచెమా? నాలుగు నోళ్ళనుకో. నాలుగింటికీ ఆకలే."

నవ్వాడు. కాఫీ తాగుతున్నంతసేపూ వీధిలో నిలిపిన బండి వైపే చూశాడు. దాని నాలుగు చక్రాల కిందా రాళ్ళున్నాయి. మా వీధి పలకలా చదునుగా ఉంటుంది.

అప్పట్నుంచి నేను బండిలో తిరగడం మొదలుపెట్టాను. కొలిచే పద్ధతి తేలిక. తిరువళ్ళూరు బంకులో ట్యాంకు అంచుదాకా నింపడం, ఒకసారి ఊరికి పోయి లోడుతో తిరిగి రావడం, అదే బంకులో మళ్ళీ అంచుదాకా నింపి ఎంత పట్టిందో చూడటం. నేను రాసినవన్నీ చేశాం. టైర్లలో గాలి సరిచేయించాం. దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టరు మార్చాం. ఎప్పుడో కట్టించిన ఇనుప చట్రం పైన గాలికి అడ్డంగా ఉంటే ఊడదీశాం. టార్పాలిన్ రెపరెపలాడకుండా లాగి కట్టాం. క్లచ్ మీద కాలు ఆనించి నడపొద్దంటే బావ, "సరే వాత్తియారే," అని బడిపంతులు మాట విన్నట్టు కాలు తీసి పక్కన పెట్టుకున్నాడు. ఇవన్నీ కలిపి కాస్త మేలు చేశాయి. వ్యాపారి ఒప్పుకునేంత చేయలేదు.

పక్క సీట్లో కూర్చున్నవాడికి ఒకటి మాత్రం తెలుస్తూ వచ్చింది. నున్నటి రోడ్డు మీద బావ యాక్సిలరేటర్ నుంచి కాలు తీసినా బండి సాగేది కాదు. ఎవరో చెంగు పట్టుకున్నట్టు వెంటనే వెనక్కి తగ్గేది. అప్పుడు బావ తల కొద్దిగా పక్కకు వంచేవాడు, వెనక ఏదో మాట వింటున్నట్టు. నేను బస్సులో ముసలాయన అన్నది మరిచిపోవాలనుకునేవాణ్ణి.

తిరుత్తణి చేరబోతుండగా ఒకరోజు వాన పట్టుకుంది. టీకొట్టు ముందు ఆగాం. దిగి చూస్తే చినుకులు ముందు చక్రాల మీద పడి జారుతున్నాయి, వెనక చక్రాల మీద పడి ఆవిరవుతున్నాయి. సన్నటి తెల్లటి పొగ రెండు పక్కలా లేస్తోంది. గుడ్డ మాడిన వాసన. టీకొట్టు మనిషి చూసి, చేతిలో గిన్నె కింద పెట్టి దండం పెట్టుకున్నాడు. ఆయనకూ కథ తెలుసు.

బైపాస్ పక్కన బావ ఎప్పుడూ బండి చూపించే షెడ్డుకు పోయాం. మెకానిక్ తమిళుడు, మాతో తెలుగులోనే మాట్లాడతాడు. వెనక చక్రాన్ని జాకీ మీద ఎత్తి చేత్తో తిప్పబోయాడు. తిరగలేదు.

"ఎన్న సార్ ఇది! పోయిన సర్వీసులో బ్రేకు వదులు చేసి ఇచ్చినా. అంతకు ముందూ చేసినా. మళ్ళా బిగిసిపోయుండాది. సత్తియమా చెప్తా ఉండా, ఈ బండిని ఏదో పట్టుకోనుంది."

"పట్టుకుంటే ఏమవుతుంది?" అని అడిగాను.

"డీజిల్ పోతాది, అది చిన్న సంగతి. ఇట్లే కాలతా ఉంటే లోపల లైనింగు మాడి గాజు మాదిరి నున్నగా అయిపోతాది. ఒకరోజు కాలు పెట్టి తొక్కితే పట్టదు. అంతే."

బావ షెడ్డు బయట వానలో నిలబడి ఉన్నాడు. విన్నాడో లేదో తెలియలేదు. మెకానిక్ బ్రేకు వదులు చేశాడు. ఆ వారం బండి బాగా నడిచింది. బావే బాగా లేడు. తిండి సహించడం లేదన్నాడు. తరవాత, మామూలుగా, బండి మళ్ళీ బరువెక్కింది.

అక్కకు ఒక్కతే కూతురు. పట్టాభిరామ్‌లో కాపురం, దగ్గరే చిన్న కంపెనీలో ఉద్యోగం. తల్లి పోయాక ఆ బండి ఎక్కలేదు. నాకు మెసేజీలు పెడుతుంది, తెలుగు మాటలు, తమిళ అక్షరాలు. ఈసారి ఫోన్ చేసింది.

"మామా, అమ్మ బండిని పట్టుకోనుందని వీధిలో అంటాండారంట. నిజమేనా?"

"ఊరికే అంటారమ్మా. బ్రేకు బిగుసుకుంటోంది."

"ఎవురు బిగిస్తా ఉండేది?"

తెలియదన్నాను.

"అయితే నీకూ తెలీదు గదా." వెనక రైలు పోతున్న చప్పుడు వినబడింది. "శనివారం వస్తా. నేనూ ఎక్కుతా. అమ్మ లాగితే నాకు తెలీకుండా పోదు."

ఈ మాట బావకు ఫోన్లో చెప్పబుద్ధి కాలేదు. బస్సెక్కి వెళ్ళాను. వెళ్ళింది అమావాస్య నాడు. అమావాస్యకు ఆ వీధిలో ఎవరూ నెయ్యరు. మగ్గం దుమ్ము దులిపి, అరిగిన తాళ్ళు మార్చి, వదులైన చోట బిగించి, కర్పూరం వెలిగిస్తారు. మిగతా రోజుల్లో అడుగుపెట్టగానే చెవుల్లో పడే మగ్గాల చప్పుడు లేక, వీధి ఖాళీ చేసి పోయినట్టుంది. మిట్టమధ్యాహ్నం. బావ ఇంటిముందు బండి, దాని కిందినుంచి రెండు కాళ్ళు బయటికి.

నేను దగ్గరికి పోయి నిలబడ్డాను. కింద చప్పుడు ఆగిపోయింది.

"ఎవురు?" కాళ్ళు లోపలికి ముడుచుకున్నాయి.

"నేనే బావా."

ఊపిరి వదిలాడు. "నీ పాదాలు చూసి... మీ అక్కవీ నీవీ ఒకే మాదిరి."

వంగి చూశాను. చేతిలో స్క్రూడ్రైవరు. చక్రం వెనక రేకులో చిన్న కంత ఉంటుంది, దాంట్లోంచి లోపలి పళ్ళచక్రాన్ని తిప్పితే బ్రేకు బిగుస్తుంది. స్క్రూడ్రైవరు ఆ కంతలోనే ఉంది.

"నువ్వేనా బిగిస్తున్నది?"

"అమాసకు అమాసకు. ఒక్కో పన్ను."

"వాడు వదులు చేయడం, నువ్వు బిగించడం..."

"వాడికేం తెలుసు? నేతింట్లో వదులు అనేది ఉండొచ్చునా? పడుగు వదులైతే అది గుడ్డేనా?"

"మరీ బిగిస్తే దారం తెగదా బావా?"

"దారం తెగితే అతుకేస్తాం," అన్నాడు.

నేల మీద కూర్చున్నాను. బావ బయటికి రాలేదు. బండి కిందినుంచే మాట్లాడాడు.

"మొదట్లో భయానికే బిగించినా. రాన్రానూ అట్లే అలవాటైపోయినాది. బండి బరువుగా పోతా ఉంటే వెనకాల మనిషి ఉన్నట్టుంటాది. వాడు వదులు చేసిచ్చినాడే, ఆ వారమంతా ఖాళీ. లోడు నిండా ఉన్నా ఖాళీనే. నవ్వతావేమో."

"నవ్వడం లేదు."

"వీధిలో వాళ్ళు అంటాంటే వద్దనలేదు నేను. అననీలే అనుకొన్నా."

అప్పుడు చెప్పాను. "పాప శనివారం వస్తానంటోంది. బండి ఎక్కుతుందంట. అమ్మ లాగేది చూడాలంట."

బావ బయటికి పాకి వచ్చి కూర్చున్నాడు. మోచేతులకు నల్లటి గ్రీజు.

"ఆ మెకానిక్ అన్నాడే, మాడిపోతే ఒకరోజు కాలు పెట్టినా పట్టదని. నిజమేనా బామ్మర్దీ? నువ్వు పేపర్లో రాసుంటావు."

"నిజమే. రాశాను."

ఎదురింటి గోడ వైపు చూశాడు. అక్కడ కొత్త సున్నం కింద పాత ఇటుకలు ఇప్పటికీ తెలుస్తాయి.

"పాపను ఎక్కించుకొని..." అని ఆపేశాడు. తరవాత, "ఆ జాకీ ఇట్టా తే," అన్నాడు.

చక్రం చేత్తో తోస్తే తనంతట తాను తిరిగేదాకా వదులు చేశాడు. రెండు పక్కలా. తిరిగే చక్రాన్ని చూడలేక లోపలికి పోయి చేతులు కడుక్కున్నాడు. మర్నాడు మెకానిక్ డ్రమ్ములు విప్పి మాడిన లైనింగులు మార్చి, సరైన బిగువు పెట్టి ఇచ్చాడు. ఆ బిగువు మీద బావ మళ్ళీ చెయ్యి వేయలేదు.

శనివారం మేనకోడలు వచ్చింది. వీధిలో మూటలన్నీ ఎక్కించాక ముగ్గురం ముందు సీట్లో సర్దుకున్నాం. నేను మధ్యలో, తను కిటికీ పక్క. బండి కదలగానే తల వెనక్కి ఆనించి కళ్ళు మూసుకుంది. తిరుత్తణి దాటాం. తెరిచిన కిటికీలోంచి వేడిగాలి. బావ కాలు తీసినప్పుడల్లా బండి నీళ్ళ మీద పడవలా సాగుతూనే ఉంది. ఆయన మెడ నరాలు బిగిసి ఉన్నాయి.

"ఏమీ తెలీడం లేదే నాన్నా," అంది కళ్ళు తెరవకుండానే.

బావ అద్దంలోంచి వెనక మూటలను చూశాడు.

"నిదానంగా పో. స్పీడుగా పోతే తెలీదేమో."

నిదానించాడు. లారీలు హారన్ కొడుతూ దాటిపోయాయి. తను వేళ్ళతో సీటు వెనక రేకును పట్టుకుంది. ఎంతసేపు అలా పోయామో. చివరికి బావ రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా అన్నాడు.

"నేనేమ్మా బిగిస్తా ఉండింది. బ్రేకు."

"అయితే అమ్మ కాదా?"

"కాదమ్మా."

తను రేకు మీదినుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

తిరువళ్ళూరు బంకులో ఆగాం. ముగ్గురం దిగాం. కుర్రతనం పోని బంకు మనిషి పైపు పెట్టాడు. మామూలుగా అయితే బావ మూటల తాళ్ళన్నీ తడిమి చూసేంతసేపు పట్టేది. ఈసారి మొదటి తాడు ముట్టుకునేలోపే పైపు టక్కుమని ఆగిపోయింది.

"నిండిపోయినాది అన్నా."

నేను మీటరు చూశాను. వ్యాపారికి ఇక మాట్లాడటానికి ఏమీ లేదు. బండి బావదే, లోడు బావదే. భుజం తట్టబోయి ఆగాను.

"ఇంకా పట్టతాది, చూడు," అన్నాడు బావ.

అతను మళ్ళీ నొక్కాడు. మళ్ళీ టక్కుమంది. అంచులో నురగ వచ్చి కిందికి దిగింది.

"ఫుల్లు అన్నా. ఇంక పట్టదు."

"ఇంకొక్కసారి చూడబ్బా. ఇంతకాలం పట్టతా ఉండింది గదా."

బంకు మనిషి నా వైపు చూశాడు. మేనకోడలు వచ్చి తండ్రి పక్కన నిలబడింది. డీజిల్ అంచుదాకా వచ్చి, కదలకుండా, ఆకాశం ముక్క ఒకటి పట్టుకొని ఉంది. బావ మూత చేతిలో పట్టుకొని దానిలోకి చూస్తూ ఉన్నాడు. మా వెనక బండ్లవాళ్ళు హారన్లు మొదలుపెట్టారు.